గుండ్రం గీత దాటాల

బోర్డన్న పోయినాడు.

పొద్దున ఏడు గంటలకి నేను తొరపాడిలో టీ అంగడి ముందర నిలబడి ఉండా. గుడియాతం నుంచి వాళ్ల కొడుకు ఫోన్ చేసినాడు. "చిన్నాయనా, నాయన పోయినాడు. నిద్రలోనే" అన్నాడు. "వస్తా ఉండా" అని పెట్టేసినా. చేతిలో ఉన్న టీ తాగినా, పూర్తిగా తాగినా. ఎందుకు చెప్తా ఉండానంటే, టీ గ్లాసు కింద పడేసి ఏడ్చినాడు అని ఎవడన్నా అల్లి చెప్తే బోర్డన్నకే నచ్చదు. ఆయనకి వంకర్లు పనికిరావు. ఉన్నది ఉన్నట్టు, లావుగా, దూరానికి కనపడేట్టు చెప్పాల.

మన తెలుగు సంఘం పత్రికకి ఆయన గురించి నాలుగు మాటలు కావాలని సెక్రటరీ అడిగినాడు. "నువ్వు చెప్పు మేస్త్రీ, నేను రాసుకుంటా" అన్నాడు. నేనే రాస్తానని చెప్పినా. నేను కట్టడం మేస్త్రిని. వేలూరు, కాట్పాడి, గుడియాతం చుట్టుపక్కల నేను లేపిన గోడలు ఇంకా నిలబడే ఉండాయి, అనుమానం ఉన్నోళ్లు తలతో గుద్ది చూసుకోవచ్చు. బడికి పోయినోణ్ణి కాదు. తమిళం చదవను, ఇంగ్లీషు చదవను. తెలుగు ఒక్కటే వస్తాది, అదీ ఇటుక మీద ఇటుక పెట్టినట్టు మెల్లగా. ఆ తెలుగు నేర్పింది బోర్డన్నే. ఎందుకు నేర్పినాడో తర్వాత చెప్తా, వింటే నవ్వతారు. తప్పులుంటే సెక్రటరీ దిద్దుతాడు. మాటలు మాత్రం ముట్టొద్దని చెప్పినా.

నేను గుడియాతంలో బస్సు దిగేసరికే స్టాండు ముందర ఫ్లెక్సు కట్టేసినారు. వాళ్ల కొడుక్కి ఫ్లెక్సు ప్రెస్సు ఉండాది, అందుకే అంత తొందరగా అయింది. ఫోటో బాగానే ఉండాది. అక్షరాలే! జాగా చాల్లేదని కంప్యూటర్లో పక్కలకి సాగదీసినాడు. అడ్డగీతలు ఒక లావు, నిలువు గీతలు ఒక లావు, గుండ్రాలన్నీ కోడిగుడ్లు. యాభై ఏండ్లు ఊరూరా బోర్డులు రాసి, గుండ్రాన్ని గుండ్రంగా నిలబెట్టిన మనిషికి కోడిగుడ్లతో నివాళి. దాన్ని చూసి నాకు ఏడుపు రాలా, నవ్వు వచ్చింది. "అన్నా, నువ్వు చూడకుండా పోయింది మంచిదే" అనుకున్నా.

ఏటి పక్కన మనోళ్ల సమాధుల దగ్గర పూడ్చినాము. మూడో రోజు ఇంట్లో మాట లేచింది. సమాధి మీద నల్లరాయి పలక పెట్టి, మిషన్‌తో తమిళంలో పేరు కోయిస్తానని కొడుకు చెప్పినాడు. వదిన లోపల నుంచి ఒక పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పాత గళ్ల నోటు, అట్ట ఊడిపోయి ఉండాది.

"ఇది నీకు తెలుసు గదా మరిదీ. ఆయన తెలుగు అక్షరాలు. ఒక్క గోడ కూడా ఎక్కలా ఇవి. ఆయన పేరన్నా వీటితో ఉండాల. రాయీ వద్దు, మిషనూ వద్దు. నువ్వు సిమెంటుతో చెయ్యి."

కొడుకు తల గోక్కున్నాడు. "అమ్మా, ఈ ఊర్లో మనం తెలుగు మాట్లాడతాం, ఎవరమ్మా చదివేది? నాకే రాదే! రేపు నా పిల్లోళ్లు వచ్చి ఇది ఎవరి సమాధి అని అడగతారు."

"చేస్తా" అనేసినా నేను. ఎవరన్నా 'వద్దు' అంటా ఉంటే 'చేస్తా' అనడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం.

బస్సెక్కి కూర్చున్నాక పుస్తకం తెరిచి చూసినా. నేను సిమెంటు అక్షరాలు వందల కొద్దీ పెట్టినా. అన్నీ బోర్డన్న గీసిన గీత మీద పెట్టినవే. గీత లేకుండా ఒక్క అక్షరం పెట్టింది లేదు. పుస్తకంలో ఒక్కో అక్షరం విడివిడిగా ఉండాది, సరే. వాటిని పక్క పక్కన నిలబెట్టేది ఎట్ల? ఏది ఎంత జరగాల, ఏది ఎంత లేవాల? అది ఆయన కంటిలో ఉండె, ఆయనతోనే పోయింది. ఇది చెడగొడితే ఆయన అక్షరాలకి దొరికిన ఒకే ఒక జాగా చెడిపోతాది. అదీ ఆయన తల పైన.

ఆయన అక్షరాలు ఎట్లుంటాయో చూడనోళ్లకి చెప్పాల. తోక లేదు, మీసం లేదు, ఒక చోట సన్నం ఒక చోట లావు అనే వయ్యారం లేదు. నిలువు గీత, అడ్డగీత, గుండ్రం, అంతే. అన్నీ ఒకే లావు, దిమ్మెల మాదిరి. పెద్ద గుండ్రం కావాలంటే గోడకి మేకు కొట్టి, దారం కట్టి, దారం కొసన బొగ్గు పెట్టి తిప్పుతాడు. నేను బావి గుండ్రం తిప్పేదీ అట్లే. "మేస్త్రీ, నీకు తూకం గుండు, మట్టం, దారం. నాకూ అవే. నువ్వు మనుషులు ఉండేదానికి కడతావు, నేను పేర్లు ఉండేదానికి కడతా" అంటాడు. నాకు ఆయన నచ్చింది ఆ మాటకే. మొదట్లో మాత్రం ఆయన్ని కొట్టాలనిపించింది.

గుడియాతంలో లుంగీల వ్యాపారం చేసే ఒక ముదలాళి, పెద్ద షావుకారు, కల్యాణ మండపం కట్టించినాడు. కట్టింది నేను. ముందర పిట్టగోడ మీద ఇంగ్లీషులో ఇంతింత లావు సిమెంటు అక్షరాలు కావాలన్నాడు. బోర్డన్న వచ్చి బొగ్గుతో గీసిపోయినాడు. నేను గోడకి కట్టిన సారవ కట్టెలెక్కి చూస్తే, అన్ని అక్షరాలూ పైన ఒక దారానికి, కింద ఒక దారానికి సరిగ్గా ఉండాయి. గుండ్రం అక్షరాలు రెండు మాత్రం పైన వేలు మందం దాటినాయి, కింద వేలు మందం దిగినాయి. 'ముసలోడికి చెయ్యి వణికింది' అనుకున్నా. అప్పటికి ఆయనకి నలభై కూడా లేవు, నా పొగరు అట్లుండె. దారం పట్టి, దాటిందంతా తాపీతో చెక్కేసి, రెండు గుండ్రాల్నీ దారం లోపలికి తెచ్చి పెట్టినా.

సారవ విప్పినాక ముదలాళి రోడ్డు మీద నిలబడి చూసి, "ఏంది మేస్త్రీ, ఈ రెండూ ఎండకి వాడిపోయినట్టు ఉండాయే?" అన్నాడు. నిజమే. పక్కవాటి నడుమ ఆ రెండూ చిన్నబోయి ఉండాయి. ఎల్లుండి మండపం ప్రారంభం. నాకు చెమట పట్టింది. నోరు మాత్రం తగ్గలా.

బోర్డన్న వచ్చినాడు. కోప్పడలా. ఎదురుగా టీ అంగడి బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి, "చూడు" అన్నాడు.

"ఏం చూసేది? దారం పెట్టి చూసుకో. ఒక నూలు తేడా ఉంటే తాపీ పారేసి పోతా" అన్నా.

"దారం సరిగ్గానే ఉండాది నాయనా. చూసేవాడి చేతిలో దారం ఉండాదా?"

నేను మళ్లీ పిట్టగోడ వైపు చూసినా.

"నిలువు గీత దారాన్ని నిండుగా ఆనుకుంటాది. గుండ్రం ఒక్క చోటే, సూది మొన అంత ఆనుకుంటాది. కన్ను ఆ మొనని లెక్కలోకి తీసుకోదు. అందుకే గుండ్రం గీత దాటాల. దాటితేనే పక్కవాళ్లతో సమానం."

మర్నాడు నేనే ఆ రెండూ పగలగొట్టి మళ్లీ కట్టినా. అంతసేపూ ఆయన తెల్లచొక్కాతో సారవ కింద నిలబడి నీళ్ల బొక్కెన అందిచ్చినాడు. చొక్కా మీద చుక్క పడలా. ఆయన ఎప్పుడూ తెల్లచొక్కాతోనే పని చేసేది. "రంగు గోడకి, నాకు కాదు" అనేవాడు.

ఆ పని అయిపోయినాక "ఇప్పుడు చదువు, ఎట్లుండాది?" అని అడిగినాడు. నాకు మొహం మాడిపోయింది. చదవడం రాదని అప్పటిదాకా ఎవడికీ చెప్పింది లేదు. "నాకు పని ఉండాది" అని విసురుగా పోయినా. ఆయనకి అర్థమైపోయింది.

వారం తిరక్కుండానే నన్ను వెతుక్కుంటా కాట్పాడికి వచ్చినాడు. "మేస్త్రీ, ఒక బోర్డు రాసినా, వచ్చి చూసి చెప్పు" అన్నాడు.

"నన్ను ఎగతాళి చేస్తా ఉండావా?"

"కాదప్పా. నీకు చదవడం రాదు గదా, అందుకే నువ్వు కావాల."

తాపీ చేతిలో ఉండె. ఒక్క క్షణం ఆలోచించినా, విసిరేదా వద్దా అని. ఆయన అక్కడే ఇసక కుప్ప మీద కూర్చొని చెప్పినాడు. చదవడం వచ్చినోడికి అక్షరం కనపడదంట, పేరు కనపడతాదంట. కన్ను పేరు మీదికి దూకేస్తాది, ఆకారం తప్పించుకుంటాది. "నేను రాసిన తప్పు నాకే కనపడదు. నువ్వు చూస్తే నీకు ఆకారం ఒక్కటే కనపడతాది. ఇట్లాంటి కన్ను నాకు యాడ దొరకతాది?"

నా బతుకులో నేను దాచుకున్న ఒకే ఒక సిగ్గుని తీసి చేతికి పనిముట్టు చేసి ఇచ్చినాడు ఆ మనిషి. ఇంక నేను ఆయన్ని వదిలితే గదా!

నేను లేనప్పుడు ఆయన పడే పాట్లు వేరే. గుడియాతం బజారు వీధిలో పట్టపగలు పంచె ఎగ్గట్టి, వెనక్కి తిరిగి, నడుము వంచి కాళ్ల సందులోంచి బోర్డు చూసేవాడు. తలకిందలుగా చూస్తే చదవలేడు గదా, అప్పుడు ఆకారం కనపడతాదని. ఒకసారి పోలీసాయన వచ్చి, "ఏం పెద్దాయనా, ఏం పోగొట్టుకున్నావు?" అన్నాడంట. "అక్షరం నాయనా, రెండోది కొంచెం ఎడమకి పోయింది" అన్నాడంట ఈయన వంగినట్టే. ఆ పోలీసాయన కూడా టోపీ తీసి వంగి చూసి, "ఆమాం, అవును, పోయింది" అని ఒప్పుకున్నాడంట. ఈ కథ బోర్డన్న చెప్పిందే. పోలీసాయన వంగింది నిజమో కాదో నాకు తెలియదు.

నన్ను నిలబెట్టి అడిగితే నాకు తోచింది చెప్పేది. "ఆ మూడోది తాగినోడి మాదిరి ఆనుకుంటా ఉండాది." "ఈ రెండింటి నడుమ ఎడ్లబండి పోతాది." "అది పొట్ట లోపలికి పీల్చుకుని ఉండాది." ఆయన నవ్వి, పెన్సిల్ చెవిలో నుంచి తీసి దిద్దేవాడు. అక్షరాల మధ్య ఖాళీ టేపుతో కొలవకూడదని నేర్చుకున్నా. రెండు నిలువు గీతలు పక్కపక్కన ఉంటే ఎక్కువ ఎడం, రెండు గుండ్రాలు ఉంటే తక్కువ. ఇంకోటి. ఒకే లావు అన్నాను గదా పైన, అదీ పైకి కనపడే మాటే. అడ్డగీతని నిలువు గీత కన్నా ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో పాలు, సన్నంగా గీస్తాడు. రెండూ ఒకే కొలతకి గీస్తే అడ్డం ఉబ్బినట్టు కనపడతాది.

రైసు మిల్లు, అగ్గిపెట్టెల గోడౌను, బడి గోడ, టౌను బస్సు నెత్తి, అన్ని చోట్లా ఆయన అక్షరాలే. "ఆగి చదివేవాడికి నేను రాయను మేస్త్రీ, పోతా పోతా చదివేవాడికి రాస్తా" అనేవాడు. వేలూరులో ఆస్పత్రికి వచ్చే బయటూరోళ్ల కోసం లాడ్జీలు ఉండాయి గదా, వాటికి బెంగాలీలో, హిందీలో కూడా రాసినాడు. ఒక ముక్క అర్థం కాదు. కాగితం చూసి గీసేది. ఒక లాడ్జి ఓనరు "ఇంత లావెందుకు, కొంచెం అందంగా సన్నంగా రాయొచ్చు గదా" అన్నాడు. బోర్డన్న నిచ్చెన దిగకుండానే చెప్పినాడు, "ఆస్పత్రి నుంచి వచ్చేవాడి కంట్లో నీళ్లు ఉంటాయయ్యా. నీళ్లలోంచి కూడా కనపడాల."

అట్లని అన్నిటికీ లావు అక్షరం అంటించే మనిషి కాదు. ఎవరో పెళ్లి పత్రికకి ఇవే కావాలని వస్తే తరిమినాడు. "ఈ అక్షరంతో పెళ్లికి పిలిస్తే, గొడ్డలి చూపించి భోజనానికి రమ్మన్నట్టు ఉంటాది, పోండి" అన్నాడు.

ఇంక నాకు తెలుగు నేర్పిన కథ. మనవరాలి పుస్తకం చూసి నాకు ఆశ పుట్టింది. "అన్నా, నాకు చదవడం నేర్పు" అన్నా. ఆయన భయపడిపోయినాడు.

"తమిళం నేర్పను. ఇంగ్లీషూ నేర్పను. నీ కన్ను చెడిపోతాది, నా గతి ఏం కావాల? తెలుగు కావాలంటే నేర్పతా. తెలుగులో నాకు ఒక్క బోర్డు కూడా రాదు. దాంట్లో నీ కన్ను చెడినా నాకు నష్టం లేదు."

ఇదీ ఆయన దానం! ఆ గళ్ల నోటులోనే నేర్పినాడు. ర అంటే ఒక గుండ్రం, దాని నెత్తిన తలకట్టు. తలకట్టుని కొక్కెం మాదిరి వంకరగా కాకుండా, రెండు ముక్కలు ఒకదానికొకటి ఆనించినట్టు నిక్కచ్చిగా గీసినాడు. తెలుగంతా గుండ్రాలే గదా, "ఇది నా దారానికీ మేకుకీ పుట్టిన భాష" అని మురిసిపోయేవాడు. పొద్దున బోర్డులకి పోయేముందర ఒక్కో అక్షరం దిద్దుకునేవాడు. ఏండ్ల తరబడి. అడిగినోడు లేడు, గోడ ఇచ్చినోడు లేడు. "చదివేవాళ్లు లేని అక్షరాలకి గోడ ఎవడిస్తాడు అన్నా?" అని నేను నోరు జారినా ఒకసారి. "గోడ కోసం చేస్తా ఉండానా? గుండ్రం కుదరలా, అందుకే చేస్తా ఉండా" అన్నాడు. అయినా ఆ రోజు మళ్లీ పుస్తకం తెరవలా.

అందుకే నేను ఆ పొద్దు 'చేస్తా' అనింది. పొగరు ఒక్కటే కాదు.

పదో రోజు సామాను తీసుకుని ఏటి పక్కకి పోయినా. వదిన, కొడుకు కూడా వచ్చినారు. సమాధి ముందే కట్టి, పైన సమంగా పూసి ఉంచినా. పుస్తకం తెరిచి, మేకు, దారం, బొగ్గు పట్టి పేరు గీసినా. అయిదు అక్షరాలు. పేరేందో ఇక్కడ రాయను, కావాలంటే గుడియాతం పోయి చూసుకోండి.

గీసి, లేచి, పది అడుగులు వెనక్కి పోయి చూసినా. అన్న పేరు కనపడింది. కన్ను గట్టిగా మూసి మళ్లీ చూసినా. అన్న పేరే. అడ్డం ఎంత, ఎడం ఎంత, గుండ్రం దాటిందా లేదా, ఏదీ కనపడలా. చెరిపి మళ్లీ గీసినా. మూడు సార్లు. మూడు సార్లూ పేరు దూకి వచ్చి మొహం మీద పడతా ఉండాది. అప్పుడు అర్థమైంది. చెడిపోతాదని ఆయన చెప్పినాడే, ఆ కన్ను చెడిపోయి ఉండాది. నాకు తెలుగు చదవడం వస్తాది. ఈ ఒక్క పనికి నేను పనికిరాను.

అంచున కూలబడినా. "వదినా, నావల్ల కాలా" అన్నా. ఈ మాట నేను ఇంకెవరి దగ్గరా అన్నోణ్ణి కాదు.

వదిన నా దగ్గరికి రాలా. నిలబడిన చోటనే నిలబడి గీతల్నే చూస్తా ఉండాది. "నాకు చదవడం రాదు మరిదీ, నేను అంటే తప్పేమో. ఆ చివరాకరిది పక్కదానితో అలిగి దూరంగా నిలబడినట్టు లేదూ?"

తల ఎత్తినా. "ఏమన్నావు?"

"అలిగినట్టు ఉండాది. దగ్గరికి పిలువు దాన్ని."

జరిపినా, రెండు వేళ్లు. కొడుకు హెల్మెట్టు కింద పెట్టి వచ్చినాడు. వాడికీ తెలుగు అక్షరం రాదు. "చిన్నాయనా, రెండోదానికి తల బరువుగా లేదా? ఆ గుండ్రం కూడా లోపలికి లాక్కుపోయి ఉండాది" అన్నాడు. వాళ్ల నాయన గొంతు మాదిరే, అదే విసుగు. ఫ్లెక్సులు సాగదీసే ఈ మొగోడికి ఇంత కన్ను యాడ నుంచి వచ్చిందిరా అనుకున్నా. పక్కన గడ్డి కోస్తా ఉన్న ఆడమనిషి కూడా వచ్చి నిలబడింది. "ఆ మొదటిది బాగుండాది, దాన్ని ముట్టొద్దు" అని తీర్పు చెప్పి పోయింది.

చదివేవాళ్లు లేరు, చదివేవాళ్లు లేరు అని ఇన్ని రోజులూ ఏడ్చినామే! చదవడం రానోళ్లు ఊరంతా ఉండారు. ఒక్కొక్కరూ ఒక్కో కన్ను. వాళ్లు చెప్పింది చెప్పినట్టు నేను దిద్దినా, వెంటనే సిమెంటు కలిపినా. మధ్యాహ్నం లోపల అయిదూ లేచి నిలబడినాయి. అడ్డం ఒక నూలు సన్నం. గుండ్రాల లోపలి ఖాళీ మాత్రం పుస్తకంలో కన్నా కొంచెం వెడల్పుగా వదిలినా. సిమెంటులో ఆ ఖాళీ ఇరుకైపోతాదని నాకే తోచింది, ఎవరూ చెప్పలా. అన్న ఉండుంటే ఒప్పుకునేవాడే. ఒప్పుకోకపోయినా నేను అట్లే చేసుందును.

కొడుకు ఆ పుస్తకాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తానంటా ఉండాడు. ఎక్కించనీ. పక్కలకి సాగదీసినాడని తెలిస్తే మాత్రం వేలూరు నుంచి వచ్చి తంతానని చెప్పినా. "సాగదీయను చిన్నాయనా" అన్నాడు. ఫ్లెక్సు కూడా ఆ సాయంత్రమే విప్పేసినాడు.

సిమెంటుకి వారం రోజులు నీళ్లు పట్టాల. వదినకి చెప్తే పోస్తాది, నాకు మనసొప్పక రోజూ పొద్దున బస్సెక్కి పోతా వచ్చినా. ఏడో రోజు నేను చేరేసరికి వదిన ముందరే వచ్చి చెంబుతో పోసేసి ఉండాది. ఎండ ఇంకా ఎక్కలా. రెండో అక్షరం గుండ్రంలో నీళ్లు నిలబడి ఉండాయి, ఆకాశం దాంట్లో పడి ఉండాది. ఒక గోరింక దిగి వచ్చి, గుండ్రం అంచున కూర్చొని, అటూ ఇటూ చూసి, ముక్కు ముంచి తాగింది. తాగి, తల ఎత్తి, మళ్లీ తాగింది.